సున్నా రాయడం వేరు, ఖాళీగా వదిలేయడం వేరు

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. కోవిడ్ లాంటిది మళ్ళీ వస్తే ప్రభుత్వానికి ముందే తెలిసే దారి ఉందా? మా ఊరి ఆశా అక్క పొద్దస్తమానం చెప్పే, రాసే లెక్కలు ఎక్కడికి పోతాయి? స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాడికి ఈ రంగంలో పని దొరుకుతుందా? పదిహేడేళ్ళు జబ్బుల మీద నిఘా పెట్టే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌లో ఎపిడమాలజిస్టుగా (జబ్బులు ఎలా పాకుతాయో లెక్కగట్టే పని) చేసి ఈమధ్యే బయటికొచ్చాను కాబట్టి మూడింటికీ ఓపిగ్గా చెప్తాను. మీ ప్రశ్నల వరస మాత్రం పాటించను.

ముందు ఆశా అక్క సంగతి. ఆవిడ ఇంటింటికీ తిరిగి ఎవరికి జ్వరం, ఎవరికి విరేచనాలు అని చూసి ఏఎన్ఎంకి, అంటే సబ్‌సెంటర్ నర్సుకి, చెప్తుంది. ఏఎన్ఎం నింపేది ఎస్ ఫారం. అంటే లక్షణాలు మాత్రమే: జ్వరం ఏడు రోజుల లోపా, పైనా, దద్దుర్లున్నాయా, దగ్గుందా, ఇలాంటివి. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుగారు ఓపీ చూసి "ఇది డెంగీలా ఉంది", "ఇది టైఫాయిడ్ కావచ్చు" అని అనుమానించినవి పి ఫారంలోకి వెళ్తాయి. ల్యాబ్‌లో తేలినవి ఎల్ ఫారం. 2004లో ఐడీఎస్‌పీ అనే కేంద్ర జబ్బుల నిఘా పథకం మొదలైనప్పటినుంచి ఈ మూడు కాగితాలే మా బతుకు. దాని వెనక 1994 సూరత్ ప్లేగు ఉంది. ఊరికి ఊరే రైళ్ళెక్కి పారిపోయాక గానీ, జబ్బుల లెక్క రాసే పద్ధతి మన దేశంలో ఎంత పల్చగా ఉందో ఢిల్లీకి అర్థం కాలేదు.

సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం. సోమవారం పొద్దున ఫారాలు జిల్లాకు రావాలి, అక్కణ్ణుంచి రాష్ట్రానికి, అక్కణ్ణుంచి ఢిల్లీలో ఎన్‌సీడీసీకి (జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం). 2018లో ఏడు రాష్ట్రాల్లో (మన రెండూ అందులో ఉన్నాయి) ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ పోర్టల్ ప్రయోగాత్మకంగా పెట్టారు, 2021 ఏప్రిల్‌లో దేశమంతా తెచ్చారు. అంతకుముందు 18 జబ్బుల లెక్క వారానికోసారి వచ్చేది. ఇప్పుడు 33కి పైగా జబ్బులు, ఊరి పేరుతో సహా, ఏ రోజుకారోజు. ఏఎన్ఎం ట్యాబ్‌లో నొక్కిన సంఖ్య సాయంత్రానికి ఢిల్లీలో మ్యాపు మీద చుక్కవుతుంది. మీ ఆశా అక్క లెక్క పోయేది అక్కడికి.

ఇంతవరకు ఏ ప్రభుత్వ వెబ్‌సైట్ చూసినా ఉంటుంది. అసలు పని దీని తర్వాత మొదలవుతుంది.

నేను చేరిన కొత్తల్లో ఒక వానాకాలం, కొండవార మండలంలో ఒక సబ్‌సెంటర్ నుంచి మూడు వారాలపాటు విరేచనాల గడిలో సున్నా వచ్చింది. నేను సంతోషించాను కూడా, చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఉంటే ఇక్కడ మాత్రం లేవే, నీళ్ళు బాగున్నాయేమో అని. నాలుగో వారం ఆ ఊరి బడి హెడ్మాస్టరుగారు ఎవరి నంబరో పట్టుకుని ఫోన్ చేశారు. "సార్, పిల్లలు సగం మంది రావట్లేదు, మీకు తెలుసా?" అన్నారు. వెళ్ళి చూస్తే ఆర్ఎంపీ ఇంటి ముందు వేపచెట్టు కొమ్మలకి సెలైన్ సీసాలు వేలాడుతున్నాయి. కింద నులక మంచాలు, మంచానికిద్దరు. ఆ ఏఎన్ఎం కాన్పు సెలవు మీద ఉంది. ఆమె బదులు ఫారం నింపాల్సిన వాళ్ళు ఊరికి వెళ్ళకుండానే, గడి ఖాళీగా ఉంటే పైనుంచి ఫోనొస్తుందని సున్నా వేసేశారు. పంచాయతీ పైపు మురిక్కాలవలోంచి పోతూ ఒకచోట పగిలింది. అంతే కథ. మూడు వారాల ముందే పట్టుకోవాల్సింది.

ఆరోజు నుంచి నా పాఠం ఒకటే. సున్నా అంటే "వెతికాను, లేదు" అని. ఖాళీ అంటే "వెతకలేదు" అని. ఈ రెండూ కలిసిపోయిన డేటాతో ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా ఏ మహమ్మారినీ పట్టుకోలేరు. మీరు పేపర్లో చదివే డ్యాష్‌బోర్డులు, మోడళ్ళు, ఏఐ అన్నీ ఈ తేడా మీదే నిలబడి ఉంటాయి. తర్వాత తర్వాత నేను ప్రతి ఏఎన్ఎంతోనూ ఒకటే చెప్పేవాణ్ణి: "సున్నా అయితే సున్నా అనమ్మా. ఊరికి వెళ్ళకపోతే వెళ్ళలేదనే చెప్పు, ఏమీ అనను." ఇది నమ్మించడానికి రెండేళ్ళు పట్టింది. ఎందుకంటే మన రివ్యూ మీటింగుల్లో ఎక్కువ కేసులు రాసినవాళ్ళనే నిలబెడతారు. "మీ మండలంలోనే ఎందుకన్ని డెంగీ కేసులు?" అని ఒకసారి పదిమందిలో అడిగించుకున్న డాక్టరు తర్వాతి నెల కేసులు తగ్గిస్తాడు. జబ్బు తగ్గదు, కాగితం మీద తగ్గుతుంది. ఎక్కువ రాసినవాడు బాగా వెతికినవాడు అయ్యుండొచ్చన్న ఆలోచన పై అధికారికి రావాలి. అది రాని చోట డేటా అబద్ధమాడటం నేర్చుకుంటుంది.

సరే, సున్నాలు నమ్మదగ్గవే అనుకుందాం. అప్పుడు వాటితో ఏం చేస్తారు? మామూలు రోజు ఎలా ఉంటుందో తెలుసుకుంటారు. చెప్పుకోవడానికి చప్పగా ఉంటుంది కానీ సన్నద్ధతలో సగం ఇదే. ఉదాహరణకి ఒక పీహెచ్‌సీలో జులై మూడో వారం జ్వరాలు గడిచిన ఐదేళ్ళలో 14, 11, 17, 12, 16 అనుకోండి (ఇవి లెక్క చూపించడానికి నేను వేసుకున్న అంకెలు). సగటు 14. స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, రెండున్నర చిల్లర. మీకు చెప్పక్కర్లేదు, సగటుకి దాన్ని రెండింతలు చేసి కలిపితే 19. ఈ ఏడు అదే వారం 18 వస్తే వానాకాలం కదా అనుకుని ఊరుకుంటాం. 22 వస్తే జీపు తీస్తాం. మార్చిలో అదే 18 వస్తే? మార్చిలో సగటు నాలుగో ఐదో ఉంటుంది కాబట్టి 18 అంటే గంట మోగినట్టే. సంఖ్య దానంతటది ఎక్కువా తక్కువా కాదు, ఆ ఊరికి, ఆ వారానికి ఎక్కువా తక్కువా. అందుకే ఐదేళ్ళ పాత లెక్కలు లేని జిల్లాకి కొత్త జబ్బొచ్చినా తెలియదు. జబ్బు లేని ఏళ్ళలో ఫారాలు నింపించడం ఎందుకని విసుక్కునేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదే. నింపించేది ఆ ఏడాది కోసం కాదు.

ఇక మా లెక్కల్లోకి అసలు రానివి ఉంటాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పిల్లాడికి ఒంటి మీద పొక్కులొస్తే పల్లెలో "అమ్మవారు పోసింది" అంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు, ఆసుపత్రికి తీసుకెళ్ళరు, అది తట్టో ఆటలమ్మో మాకు తెలియనే తెలియదు. పచ్చకామెర్లొస్తే పసరు పోసే ఆయన దగ్గరికి వెళ్తారు. ఊళ్ళో ఇరవై మంది పసరు తాగాక గానీ మాకు కబురు రాదు. నీళ్ళ ద్వారా వచ్చే కామెర్లు ఇన్నిసార్లు ఆలస్యంగా బయటపడటానికి కారణం ల్యాబులు లేకపోవడం కాదు, ఈ పసరే. జ్వరాలకైతే మొదటి గడప ఆర్ఎంపీది, రెండోది మందుల షాపు, మూడోది పట్నంలో ప్రైవేటు నర్సింగ్ హోమ్. పీహెచ్‌సీ ఎన్నోదో మీరే లెక్కేసుకోండి. అందుకే తెలివైన జిల్లా అధికారి ఆర్ఎంపీలతో తగువు పెట్టుకోడు. వాళ్ళ ఫోన్ నంబర్లు జేబులో పెట్టుకుంటాడు. వాళ్ళ వైద్యం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, కబురు మాత్రం వాళ్ళ దగ్గరే ముందుంటుంది.

ఫారాల్లోకి రానిదాన్ని పట్టుకోవడానికి రెండో వల ఉంది. అది వార్తలు, పుకార్లు. ఎన్‌సీడీసీలో 2008 నుంచి పేపర్లు, టీవీ చూసి "ఫలానా చోట అంతుచిక్కని జ్వరాలట, నిజమేనా?" అని జిల్లాకి రాసే విభాగం ఉంది. ఈమధ్య కంప్యూటరే భారతీయ భాషల వార్తలు చదివి ఏరిపెడుతోంది. మన తెలుగు వార్తలతో దానికి తిప్పలు ఎలా ఉంటాయో ఊహించండి. మన దగ్గర ఎన్నికల జ్వరం ఉంటుంది, క్రికెట్ జ్వరం ఉంటుంది. ఏ జ్వరమైనా "విష జ్వరమే". ప్రతి ఆగస్టులో "మంచం పట్టిన మన్యం" అని ఏదో ఒక పేపర్లో హెడ్డింగు వస్తుంది, అందులో ఎంత మంచమో ఎంత మన్యమో మనిషి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. అయినా ఈ వల వదులుకోకూడదు. వుహాన్ సంగతి ప్రపంచానికి తెలిసింది కూడా ఇలాగే. 2019 డిసెంబర్ 30న ప్రోమెడ్ అనే నిపుణుల సమాచార జాబితాలో, చైనా సోషల్ మీడియాలో తిరుగుతున్న వుహాన్ నగర ఆరోగ్య కమిషన్ నోటీసు గురించి అడుగుతూ ఒక చిన్న పోస్టు వచ్చింది.

ఇంకొన్నిసార్లు ఏ వలా అక్కర్లేదు, ఒక డాక్టరు బుర్ర చాలు. 2018 మేలో కేరళలో నిపాని పట్టింది సాఫ్ట్‌వేర్ కాదు. ఒకే ఇంట్లో ఒకరు పోయాక ఇంకొకరు అవే లక్షణాలతో వస్తే, కోజికోడ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి డాక్టర్లు "ఇది మామూలు మెదడువాపు కాదు" అని శాంపిళ్ళు మణిపాల్ పంపారు, తర్వాత పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్ఐవీ ఖాయం చేసింది. అప్పటికే కొందరికి అంటింది, మొత్తం 17 మంది చనిపోయారు. కానీ రెండో కేసు దగ్గరే అనుమానం పుట్టకపోతే ఎక్కడాగేదో. ఆ డాక్టరు ఫోన్ చేయడానికి ఒక నంబరుండాలి, ఆ ఫోన్ ఎత్తే మనిషుండాలి. దాన్ని కూడా నేను డేటా వ్యవస్థ కిందే లెక్కేస్తాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికొస్తాను: మురుగునీరు.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్ హావ్‌డాలో. ఆ తర్వాత ఐదేళ్ళకి, 2016 మేలో, హైదరాబాద్ అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రంలో మామూలుగా తీసిన నీళ్ళ శాంపిల్‌లో టైప్ 2 పోలియో వైరస్ దొరికింది. అడవి వైరస్ కాదు, చుక్కల మందులోని బలహీన వైరస్ జనంలో తిరుగుతూ రూపు మార్చుకున్నది. సరిగ్గా అంతకు కొన్ని వారాల ముందే, ఏప్రిల్ 25న, దేశమంతా టైప్ 2 ఉన్న పాత చుక్కల మందు ఆపేసి కొత్తది మొదలుపెట్టారు. అంటే ఇకమీద పుట్టే పిల్లలకి చుక్కల మందు వల్ల టైప్ 2 నుంచి రక్షణ రాదు. అలాంటప్పుడు దొరికింది. ఒక్క పిల్లాడికీ కాలు పడిపోలేదు. ఏ ఆసుపత్రిలోనూ కేసు లేదు. అయినా జూన్ 20 నుంచి వారం రోజులపాటు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు మూడు లక్షల మంది చిన్నపిల్లలకి ఇంజెక్షన్ టీకా వేశారు. అదీ పూర్తి మోతాదు కాదు, చర్మంలోకి 0.1 మిల్లీలీటరు, మామూలు మోతాదులో ఐదో వంతు. ప్రపంచమంతా ఆ టీకాకి కరువుగా ఉన్న రోజులవి.

ఆలోచించండి. రోగి లేడు, ఫిర్యాదు లేదు, వార్త లేదు. ఎవరో ఒక ఉద్యోగి మురిక్కాలవ దగ్గర నిలబడి సీసా నింపి ఐసులో పెట్టి పంపాడు, అంతే. అంతకుముందు ఎన్నో నెలలు అలాగే పంపాడు, ఏమీ దొరకలేదు. ఆ ఏమీ దొరకని సీసాలన్నీ కలిసే దొరికిన సీసాకి విలువ తెచ్చాయి. నేను మొదట చెప్పిన సున్నా ఇదే.

పోలియోవాళ్ళ దగ్గర ఇంకో గొప్ప కిటుకుంది. పదిహేనేళ్ళ లోపు పిల్లల్లో అకస్మాత్తుగా కాలో చెయ్యో చచ్చుబడితే పోలియో కాకపోయినా రిపోర్ట్ చెయ్యాలి, పద్నాలుగు రోజుల్లోపు రెండు మలం శాంపిళ్ళు, ఇరవై నాలుగ్గంటల తేడాతో తీయాలి. పోలియో లేకపోయినా వేరే కారణాలతో ప్రతి లక్ష మంది పిల్లల్లో ఏటా ఒకరిద్దరికి అలా జరుగుతూనే ఉంటుంది. మన దేశంలో లక్షకి రెండు కేసులైనా దొరకాలని పెట్టుకున్నారు. ఒక జిల్లా నుంచి అవి కూడా రాలేదంటే ఆ జిల్లాలో జబ్బు లేదని కాదు, జిల్లా నిద్రపోతోందని. వ్యవస్థ మెలకువగా ఉందో లేదో కొలిచే కొలబద్ద ఇంతకన్నా మంచిది నేను వేరే జబ్బులో చూడలేదు.

కోవిడ్‌లో ఇదే మురుగు మళ్ళీ పనికొచ్చింది. 2020లో హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ అనే కేంద్ర పరిశోధన సంస్థలు కలిసి శుద్ధి కేంద్రాల నీళ్ళు పరీక్షించాయి. వైరస్ సోకినవాళ్ళు దాదాపు 35 రోజులదాకా దాన్ని విసర్జిస్తారన్న లెక్కతో, నగరంలో ఆ నెల రోజుల్లో 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని ఆగస్టులో చెప్పారు. అప్పుడు అధికారిక కేసులు వేలల్లో ఉన్నాయి. చాలామంది నమ్మలేదు, భయపెడుతున్నారన్నారు. ఆర్నెల్ల తర్వాత సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, భారత్ బయోటెక్ కలిసి నగరంలో 30 వార్డుల్లో సుమారు 9 వేల మంది రక్తం చూస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలు కనబడ్డాయి. వాళ్ళలో నూటికి డెబ్బై ఐదు మందికి తమకు వచ్చి పోయిందనే తెలియదు. మురుగు చెప్పిందే నిజానికి దగ్గరగా ఉంది.

ఈ రక్త సర్వేల విలువ వేరు. 2020 మే, జూన్లలో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 70 జిల్లాల్లో (మన దగ్గర విజయనగరం, కృష్ణా, నెల్లూరు, కామారెడ్డి, జనగామ, నల్గొండ) 28 వేల మందిని చూస్తే 0.73 శాతానికి సోకినట్టు తేలింది. చిన్న సంఖ్యే. కానీ దాన్ని దేశ జనాభాతో గుణిస్తే, పరీక్షలో దొరికిన ప్రతి ఒక్క కేసుకి వెనక 82 నుంచి 130 దాకా దొరకనివి ఉన్నాయని అర్థమైంది. 2021 జూన్, జులైకి అదే సర్వేలో 67.6 శాతం వచ్చింది. అయితే ఇక్కడో గోతిలో అందరం పడ్డాం. హైదరాబాద్‌లో 54 శాతం చూసి "ఇక గండం గడిచినట్టే" అనుకున్నవాళ్ళు మా శాఖలోనే బోలెడుమంది. రెండు నెలలు తిరక్కుండా డెల్టా వచ్చిపడింది. సర్వే అబద్ధం చెప్పలేదు, నిన్నటి వైరస్ గురించి చెప్పింది. రేపటి వైరస్ గురించి మనమే ఊహించుకున్నాం.

వైరస్ మారుతోందా అని చూడటానికి 2020 డిసెంబర్‌లో ఇన్సాకాగ్ అని పది ల్యాబులతో జట్టు కట్టారు, అందులో రెండు హైదరాబాద్‌వే, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. జన్యుక్రమం చదవడం గొప్ప పనే. హారం, అంటే మొత్తం ఎన్ని శాంపిళ్ళు చూశారో, తెలియకుండా దాన్ని చదివితే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకి చేదు అనుభవముంది. ఎన్440కే అనే మార్పు మొదట్లో మన కర్నూలు శాంపిళ్ళలో కనబడిందని 2021 మేలో టీవీలు "ఏపీ స్ట్రెయిన్" అని పేరు పెట్టి, పదిహేను రెట్లు ప్రమాదకరమని ఊదరగొట్టాయి. సీసీఎంబీవాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు, అది అప్పటికే తగ్గుముఖం పట్టింది, దాని జాగాలోకి వేరేవి వస్తున్నాయి, ఎక్కువ ప్రాణాంతకమనడానికి ఆధారం లేదు అని. వినేదెవరు? ఆ నెల మొదటి వారంలోనే ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్ళకి పద్నాలుగు రోజుల క్వారంటైన్ పెట్టింది. ఎన్ని శాంపిళ్ళు చదివితే ఎన్నిట్లో కనబడింది, ఏ నెలవి, ఎవరివి అన్న ప్రశ్నలు ఎవరూ అడగలేదు. ఒక ప్రాంతంలో ఎక్కువ వెతికారు కాబట్టి అక్కడ ఎక్కువ దొరికింది. ఎక్కువ రాసిన డాక్టర్ని నిలబెట్టినట్టే ఇదీ.

ఆలస్యం గురించి కొంచెం. "నిన్నటి కేసులు" అని టీవీలో వచ్చేవి నిన్నటివి కావు. సోమవారం ఒళ్ళు వెచ్చబడుతుంది. మంగళ, బుధ ఆర్ఎంపీ ఇంజెక్షన్. గురువారం తగ్గక పీహెచ్‌సీ. శుక్రవారం శాంపిల్. శనివారం బండి లేదు, ఆదివారం ల్యాబ్ లేదు. తర్వాతి మంగళవారం రిజల్టు, బుధవారం పోర్టల్లో. తొమ్మిది రోజులు. జబ్బు మూడు రోజులకోసారి రెట్టింపయ్యేదైతే ఈలోపు ఒకటి ఎనిమిదయ్యింది. అందుకే మేం రిపోర్టయిన తేదీతో గీసిన గ్రాఫు చూడం, లక్షణం మొదలైన తేదీతో గీసింది చూస్తాం. దాంట్లో చివరి వారం ఎప్పుడూ కిందికి జారినట్టు కనిపిస్తుంది. కేసులు తగ్గి కాదు, ఇంకా రాక. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ మొదటి నెలలో ఆ జారుడు చూసి "సార్, తగ్గుతోంది" అంటాడు. ఈ ఆలస్యాలు కొలవడానికి ఈమధ్య 7-1-7 అనే లెక్క వాడుతున్నారు. పుట్టిన ఏడు రోజుల్లో పసిగట్టాలి, ఒక రోజులో పైకి చెప్పాలి, ఇంకో ఏడు రోజుల్లో మొదటి చర్యలన్నీ జరిగిపోవాలి. ప్రతి చిన్న వ్యాప్తి తర్వాత కూర్చుని, ఏ అంకె దగ్గర చిక్కుకున్నామో రాసుకోవడం చాలా మంచి అలవాటు. మా జిల్లాలో ఎక్కువగా మొదటి ఏడు దగ్గరే చిక్కుకునేవాళ్ళం. శనివారం బండి లేకపోవడం దగ్గర.

సన్నద్ధత అంటే వైరస్ లెక్కలే కాదు, సరుకు లెక్కలు కూడా. రెండో వేవ్‌లో నేను రాత్రిళ్ళు చేసిన లెక్క ఒకటి చెప్తాను. జంబో సిలిండర్‌లో సుమారు 7 వేల లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. నిమిషానికి పది లీటర్ల మీద ఉన్న ఒక్క రోగికి అది పదకొండున్నర గంటలొస్తుంది. పదిహేను లీటర్లయితే ఎనిమిది గంటల లోపే. హై ఫ్లో యంత్రం మీద అరవై లీటర్లు పోతుంటే రెండు గంటలు కూడా రాదు. వంద మంది పది లీటర్ల మీద ఉంటే రోజుకి 206 సిలిండర్లు. నింపే ప్లాంటు అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది, వ్యాను ఒక ట్రిప్పుకి నలభై తెస్తుంది, రానూపోనూ నింపడానికీ ఐదారు గంటలు. ఇప్పుడు చెప్పండి, వారం తర్వాత వందమంది అవుతారని ఈరోజు తెలియడం విలువేంటో. మోడల్ చెప్పే "కేసుల శిఖరం" నాకెందుకూ పనికిరాదు. దాన్ని మంచాలుగా, లీటర్లుగా, వ్యాను ట్రిప్పులుగా మార్చేవాడు కావాలి. దానికి ముందు అసలు ఏ ఆసుపత్రిలో ఎన్ని సిలిండర్లున్నాయో శాంతికాలంలోనే రాసిపెట్టి ఉండాలి. 2021 ఏప్రిల్‌లో మేం ఆ లెక్క ఫోన్ల మీద ఫోన్లు చేసి పోగేశాం, పోగయ్యేసరికి అది పాతదైపోయేది.

మోడళ్ళంటే గుర్తొచ్చింది. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ ఒకటి 2020 అక్టోబర్‌లో శిఖరం దాటేసిందని, జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరికల్లా అదుపులోకొస్తుందని చెప్పింది. 2021 మే 6న ఒక్కరోజే దేశంలో నాలుగు లక్షల పద్నాలుగు వేల కేసులొచ్చాయి. వాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, లెక్కలో కొత్త వైరస్ లేదు మరి. గూగుల్ వాళ్ళు 2008లో జనం వెతికే మాటల్ని బట్టి ఫ్లూ ఎక్కడుందో చెప్తామని పెద్ద ఆర్భాటంగా మొదలెట్టారు. మరుసటి ఏడాదే వచ్చిన స్వైన్ ఫ్లూ మొదటి వేవ్‌ని అది పట్టుకోలేదు. 2012-13 చలికాలంలో అసలుకి దాదాపు రెట్టింపు చెప్పింది. 2015లో మూసేశారు. టీవీలో ఫ్లూ వార్త వస్తే జబ్బులేనివాడు కూడా వెతుకుతాడు కదా. ఏఐ ఇప్పుడు వార్తలు ఏరడానికి, ఎక్స్‌రేలు చూడటానికి, తప్పు ఎంట్రీలు పట్టడానికి బాగానే పనికొస్తోంది. జోస్యం అడిగితే మాత్రం అది కూడా నిన్నటి ఫారాలనే తిరగేసి చెప్తుంది.

మరణాల లెక్క ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. కేసులు దాగుతాయి, పరీక్షలు తగ్గిస్తే తగ్గుతాయి. చావులు దాచడం కష్టం. దేశంలో నమోదైన మరణాలు 2019లో దాదాపు 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో కోటీ రెండు లక్షలు. ఈ చివరి అంకె ప్రభుత్వం బయటపెట్టేసరికి 2025 వచ్చింది. పైగా నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి సంతకం పెట్టినవి 2020లో 22.5 శాతమే. మిగతా వాటి ఎదురుగా కారణం గడిలో ఏముంటుందో మీకిప్పటికి అర్థమై ఉండాలి. పంచాయతీ కార్యదర్శి వారం వారం మరణాల సంఖ్య ఒక్కటి, ఒక్క సంఖ్య, జిల్లాకి పంపితే చాలు, ఏ ల్యాబూ లేకుండా పెద్ద ముప్పుని పసిగట్టొచ్చని నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో. "అది మా శాఖ కాదండీ" అన్నారు. నిజమే, అది పంచాయతీరాజ్.

పేర్లు, ఫోన్ నంబర్ల సంగతి కూడా ఒకటుంది. 2020లో పాజిటివ్ వచ్చినవాళ్ళ లైన్ లిస్టు, అంటే పేర్లూ నంబర్లతో ఉండే జాబితా, మధ్యాహ్నానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది. ఒక ఇంటికి పాలవాడు రావడం మానేశాడు. ఆ తర్వాత ఆ వీధిలో పరీక్షకి ఎవరూ ముందుకు రాలేదు. ఎవరు లీక్ చేశారో తేలలేదు కానీ, ఆ వీధి నుంచి మాకు వచ్చిన సున్నాలన్నీ అబద్ధపు సున్నాలే.

ఇక మీ ఉద్యోగం. పని ఉంది, జీతం గొప్పగా ఉండదు, చాలావరకు కాంట్రాక్టు. ఆర్, పైథాన్ వచ్చుంటే మంచిదే కానీ ముందు ఫీల్డ్ ఎపిడమాలజీ నేర్చుకోండి. చెన్నైలోని జాతీయ ఎపిడమాలజీ సంస్థ ఎన్ఐఈలో 2001 నుంచి దానికి ప్రత్యేక కోర్సు నడుస్తోంది. ఎన్‌సీడీసీలో ఈఐఎస్ అని 2012లో మొదలైన శిక్షణ ఉంది, అది డాక్టర్లకి. దేనికైనా అప్లై చేసేముందు మీ జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసుకి వెళ్ళి, సర్వైలెన్స్ యూనిట్‌లో ఒక వారం కూర్చోనిస్తారా అని అడగండి. సాధారణంగా కాదనరు, కంప్యూటరొచ్చినవాడు దొరికాడని ఎక్సెల్ షీటొకటి చేతిలో పెట్టినా పెడతారు. సోమవారమే వెళ్ళండి. ఫారం రాని సబ్‌సెంటర్లకి ఫోన్లు చేసేది ఆరోజే. అవకాశమిస్తే ఒకటి రెండు ఫోన్లు మీరే చేయండి, "సున్నానా, చూడలేదా?" అని అడిగి అవతలివాళ్ళు ఎంతసేపు ఆగి జవాబు చెప్తారో వినండి.